లత లెక్కల మార్కులు ఎక్కడికి పోయాయి? సి భాషలో పట్టికల ఫైలు చదవడం

[తెర మీద మూడు వరుసల పట్టిక. రెండో వరుసలో ఒక గడి ఖాళీ.]

నమస్కారం. ఈ ఫైలులో ఉన్నవి మూడంటే మూడు వరుసలు. ఒక్కో దానిలో క్రమసంఖ్య, పేరు, లెక్కల మార్కులు, సైన్సు మార్కులు, మధ్యలో కామాలు. రెండో వరుస చూడండి: 102, లత, ఆ వెంటనే పక్కపక్కనే రెండు కామాలు, చివర 72. లత లెక్కల పరీక్ష రాయలేదు. మన ప్రోగ్రాముకు పరీక్ష పెట్టేది ఆ ఖాళీ గడే.

చాలామంది ముందు, ఇచ్చిన నమూనా ప్రకారం ఫైలు నుంచి విలువలు చదివే ఎఫ్‌స్కాన్ఎఫ్ దగ్గరికి పరిగెత్తుతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. సంఖ్య, కామా, పేరు, కామా అంటూ నమూనా రాసి, ఫైలు ముగిసేదాకా తిరగమని లూపు పెడతాం. మొదటి వరుస చక్కగా వస్తుంది. రెండో వరుసలో అంకె ఉండాల్సిన చోట కామా ఎదురవుతుంది. రెండు విలువలే చదివానని చెప్పి ఎఫ్‌స్కాన్ఎఫ్ అక్కడే నిలబడిపోతుంది. మళ్ళీ పిలిస్తే మళ్ళీ అదే కామా. ఈసారి చదివినవి సున్నా. ఫైలు ముగియదు, లూపు ఆగదు.

[తెర మీద: ఒకే వరుస, దాని కింద బైట్ల గడులు.]

కాబట్టి ముందు వరుస మొత్తాన్ని ఎఫ్‌గెట్స్‌తో బఫర్‌లోకి, అంటే మెమరీలో మనం కేటాయించిన చోటులోకి, తెచ్చుకుందాం. ఏదైనా చెడితే ఆ వరుసతోనే పోతుంది. 256 బైట్ల బఫర్ ఇస్తే అది 255 వరకు చదివి, చివర నల్ అక్షరం (స్ట్రింగ్, అంటే అక్షరాల పాఠం, ఇక్కడితో ముగిసిందని చెప్పే సున్నా బైటు) పెడుతుంది. బఫర్ ఎంతో అడగని పాత గెట్స్‌ను సి భాష 2011 ప్రమాణంలో తీసేశారు, మంచి పని. ఎఫ్‌గెట్స్ నల్ పాయింటర్ (ఎక్కడికీ చూపని చిరునామా) ఇచ్చినప్పుడే లూపు ఆపండి. ఫైలు ముగిసిందా అని చెప్పే ఎఫ్ఈఓఎఫ్‌ను షరతుగా పెడితే చివరి వరుస రెండుసార్లు లెక్కలోకి రావచ్చు.

వరుస చివర కొత్త వరుస గుర్తు మిగిలి ఉంటుంది. విండోస్‌లో తయారైన ఫైలును లినక్స్‌లో చదివితే దానికి ముందు మరో కనిపించని గుర్తు కూడా ఉంటుంది. స్ట్ర్‌సీస్పాన్‌తో ఆ రెండింటిలో ఏది ముందు వస్తే అక్కడ కోసేయండి.

ఇప్పుడు గడులు విడదీయాలి. విభజన గుర్తుల దగ్గర ముక్కలు చేసే స్ట్ర్‌టోక్ సిద్ధంగానే ఉంది కదా అంటారు. నడిపితే 102, లత, 72 వస్తాయి. మూడే! సైన్సు మార్కులు లెక్కల గడిలోకి జరిగాయి, నాలుగో గడికి నల్ పాయింటర్ మిగిలింది. స్ట్ర్‌టోక్ ప్రతి ముక్కను వెతికే ముందు ఎదురైన విభజన గుర్తులన్నీ దాటేస్తుంది. వరుసగా ఎన్ని కామాలున్నా దానికి ఒకటే. ఖాళీలతో విడిన మాటలకు ఈ పద్ధతి బాగుంటుంది. పట్టికకు పనికిరాదు. ఎఫ్‌స్కాన్ఎఫ్ కనీసం మొండికేసి తప్పు బయటపెట్టింది. ఇది చడీచప్పుడు లేకుండా మార్కులు మార్చేసింది.

[తెర మీద: రెండు బాణాలు వరుస వెంట కదులుతాయి.]

అందుకని మనమే కోద్దాం. ఒక పాయింటర్ గడి మొదట్లో ఉంటుంది. స్ట్ర్‌సీహెచ్ఆర్ తర్వాతి కామాను చూపిస్తుంది. ఆ కామా స్థానంలో నల్ అక్షరం పెట్టి, గడి మొదటి చిరునామాను దాచుకుని, ఒక బైటు ముందుకు జరుగుతాం. కామా దొరకకపోతే అదే చివరి గడి. రెండు కామాలు పక్కపక్కన ఉంటే గడి మొదట్లోనే నల్ పడుతుంది, అంటే ఖాళీ స్ట్రింగ్. లత గడి బతికింది. పేరు తెలుగులో ఉన్నా భయం లేదు: అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో "లత" ఆరు బైట్లు, వాటిలో ఏదీ కామా బైటు కాదు.

బతికిన గడిని, స్ట్రింగ్‌ను సంఖ్యగా మార్చే ఏటూఐ చేతికిస్తే మళ్ళీ పోతుంది. ఖాళీ స్ట్రింగ్‌కు అది సున్నా ఇస్తుంది. పరీక్ష రాయనివారూ సున్నా తెచ్చుకున్నవారూ ఒకటేనా? స్ట్ర్‌టోల్ వాడండి. చదవడం ఎక్కడ ఆపిందో రెండో పాయింటర్‌లో చెబుతుంది. అది మొదట్లోనే ఉంటే అంకె లేదు. నల్ అక్షరం దగ్గర లేకపోతే వెనక ఏదో చెత్త ఉంది. సంఖ్య మరీ పెద్దదా అని చూడాలంటే పిలిచే ముందు ఎర్నోను (తప్పు సంకేతం నిలిచే చోటు) సున్నా చేయండి.

రాయలేదనడానికి మార్కుల్లో -1 పెట్టడం నాకు నచ్చదు. సగటు తీసేటప్పుడు ఎవరో ఒకరు దాన్నీ కలిపేస్తారు. ఒక విద్యార్థి వివరాలన్నీ కలిపి ఉంచే స్ట్రక్చర్‌లో "రాశారా" అని విడిగా ఒక సభ్యం పెట్టండి.

కొటేషన్ గుర్తుల లోపల కామా ఉన్న ఫైళ్ళకు ఈ కోత చాలదు. ఇలాంటి కామాల ఫైళ్ళ రూపాన్ని వివరిస్తూ 2005లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 4180 పత్రం ప్రకారం ఆ గుర్తుల లోపల కొత్త వరుస కూడా ఉండవచ్చు, అప్పుడు ఎఫ్‌గెట్స్ తెచ్చే వరుస సగమే కావచ్చు. అలాంటి వాటిని ఒక్కో అక్షరం చదువుతూ, కొటేషన్ లోపల ఉన్నామా బయట ఉన్నామా అని గుర్తుపెట్టుకుంటూ వెళ్ళాలి. అది వేరే వీడియో.

ఇక నడుపుదాం.

[తెర మీద: మూడు వరుసలు. 102, లత, రాయలేదు, 72.]