కడప నీళ్లలో గులాబీ

అందరికీ నమస్కారం. మిద్దె మీద మొక్కలు పెంచుకుంటున్న అక్కలు, అన్నలు, పెద్దలు ఆదివారం పూట ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం.

మన కడపలో గులాబీ ఎక్కడెక్కడికి పోతుందో చూడండి. పెద్ద దర్గాలో చాదర్ మీదికి, దేవుని కడపలో స్వామి దండలోకి, ఇంట్లో ఆడపిల్లల జడలోకి. గుల్కంద్ చేసుకునేవాళ్లు రేకుల్ని తింటారు కూడా. అలాంటి పువ్వుకు విషం కొట్టకూడదు. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

అయితే ఎవరు కలిసినా మొదట అడిగేది "ఏం మందు కొట్టాలి?" అనే. మందు సంగతి చివర్లో చెప్తాను. నేను చూసినంతలో మన ఊళ్లో గులాబీలు పురుగు పట్టి చచ్చేది తక్కువ. నీళ్లు, కుండీలో మన్ను, ఎండ, ఈ మూడే ఎక్కువ మొక్కల్ని తీసుకుపోతున్నాయి.

ముందు నీళ్లు. ఎర్రగుంట్ల చుట్టుపక్కల అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకొచ్చాయి? అడుగున సున్నపురాయి ఉంది కాబట్టి. మనం గచ్చుకు పరుచుకునే కడప బండ కూడా సున్నపురాయే. ఆ రాళ్ల మధ్య నుంచి వచ్చే బోరు నీళ్లలో సున్నం ఉండక ఏమవుతుంది? బకెట్ అంచున తెల్లగా పేరుకునేది అదే. ఆ నీళ్లే రోజూ పోస్తుంటే కుండీలో మన్ను మెల్లగా క్షారం వైపు పోతుంది. గులాబీకి కొంచెం ఆమ్లం ఉన్న మన్ను ఇష్టం, ఆమ్లమా క్షారమా చెప్పే పీహెచ్ లెక్కలో 6 నుంచి 7 లోపు. అది దాటిందంటే మన్నులో ఇనుము ఉన్నా వేరు దాన్ని సరిగ్గా తీసుకోలేదు. అప్పుడు లేత ఆకు పసుపు పచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా నిలబడతాయి. ఆ ఆకును చూసి చాలామంది ఎరువు చాల్లేదనుకుని ఇంకో గుప్పెడు వేస్తారు. దానివల్ల ఉపయోగం లేదు.

వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకోండి. మనకు అక్టోబరు, నవంబరు నెలల్లో కూడా వానలు పడతాయి, ఆ అదృష్టాన్ని వదులుకోవద్దు. పుల్ల మజ్జిగ బాగా పలచగా కలిపి అప్పుడప్పుడు మొక్క మొదట్లో పోయండి. బాగా మాగిన కంపోస్టు మాత్రం ఎప్పుడూ తక్కువ కాకూడదు. ఇంకొక మాట గట్టిగా చెప్పాలి: కోడిగుడ్డు పెంకుల పొడి, కట్టెల బూడిద గులాబీకి మంచివని వీడియోల్లో చూస్తుంటారు. వేరే ఊళ్లో మంచివే కావచ్చు. పెంకులంటే మళ్లీ సున్నమే, బూడిదంటే క్షారమే. మన దగ్గర రెండూ వద్దు.

ఇక మన్ను. నర్సరీలుండే కడియం వైపు నుంచి లారీల్లో వచ్చే మొక్కలకు వేళ్ల చుట్టూ బంకమన్ను గట్టి ముద్దలా ఉంటుంది. దాన్ని అలాగే కుండీలో పెడితే నీళ్లు ముద్ద పక్క నుంచి జారి కిందికి పోతాయి, లోపలి వేరు ఎండుతూనే ఉంటుంది. పైకి చూస్తే మన్ను తడిగానే కనపడుతుంది. అందుకని ముద్దను బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, పైపొరను వేళ్లతో వదులు చేసి నాటండి. ఈ పని చల్లటి రోజుల్లోనే చేయాలి. రెండు పాళ్లు ఎర్రమన్ను, ఒక పాలు మాగిన పేడ ఎరువు, ఒక పాలు ఇసుక, గుప్పెడు వేప పిండి చాలు. అంటు కట్టిన చోటు మన్నుకు పైనే ఉండాలి. దాని కింద నుంచి వచ్చే కొమ్మకు ఆకుకు ఏడు రెక్కలుంటే అది మన గులాబీది కాదు, అంటు కట్టడానికి వాడిన అడుగు మొక్కది అయి ఉంటుంది. మొదలుకంటా పీకేయండి.

బలానికి మన చెనిక్కాయల చెక్కను, అంటే నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్కను, మించింది లేదు. గుప్పెడు చెక్కను నాలుగు రోజులు నీళ్లలో ఊరబెట్టి, పది రెట్లు నీళ్లు కలిపి పోయండి, నెలకు రెండుసార్లు. మోతాదు పెంచితే కొమ్మ మెత్తగా, జివ్వున పెరుగుతుంది, పూలు తగ్గి పేనుబంక వస్తుంది.

ఎండాకాలం మాట. మే నెలలో కడప బండ మీద చెప్పుల్లేకుండా నిలబడగలమా? కుండీని దాని మీదే పెడతాం. ఇటుకల మీద ఎత్తి పెట్టండి, మధ్యాహ్నం తర్వాత నీడ పడేట్టు చూడండి, మన్ను మీద చెనిక్కాయ పొట్టు రెండంగుళాలు పరవండి. ఎండ ముదిరిన రెండు నెలలూ పూల కోసం చూడొద్దు. మొగ్గలు తుంచేయండి, మొక్క బతికితే చాలు.

ఇప్పుడు మందులు. ఎర్రనల్లి వస్తే ఆకు అడుగున నీళ్లు గట్టిగా కొట్టండి, సగం అక్కడే పోతుంది. మొగ్గ అంచులు మాడి విచ్చుకోకపోతే తామర పురుగులు. ఆ మొగ్గలు కోసి పారేసి, లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం కుంకుడు రసం కలిపి సాయంత్రం పూట కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది, వేప గుణం కూడా త్వరగా పోతుంది. ఆకు మీద తెల్లటి పొడిలా పట్టే బూడిద తెగులుకు పాలు ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు కలిపి కొట్టండి.

కత్తిరింపులు మాటల్లో చెబితే అర్థం కావు. వానలు తగ్గాయి కాబట్టి ఇదే సమయం, ఇప్పుడు కత్తిరిస్తే నెలన్నరకు పూలొస్తాయి. కన్ను, అంటే చిగురు వచ్చే చోటు, బయటి వైపు చూసేచోట, దానికి పావు అంగుళం పైన ఏటవాలుగా కోసి, కోసిన చోట పేడ పూయాలి. మొక్క, కత్తెర రెండూ ఇక్కడే ఉన్నాయి. వెనక వరసలో ఉన్నవాళ్లు కూడా ముందుకు రండి, చేసి చూపిస్తాను.