ఆ రిపోర్టు మీద ఎవరి పేరు ఉండాలి?

(తెర మీద: 1943 నాటి ఒక పరిశోధన పత్రం ఆఖరి పేజీ. కెమెరా నెమ్మదిగా కిందికి దిగి రిఫరెన్సుల దగ్గర ఆగుతుంది.)

నమస్కారం. 1945 నాటి ఒక కంప్యూటర్ రిపోర్టు మీద ఎవరి పేరు ఉండాలి అన్నదే ఇవాళ్టి ప్రశ్న. కానీ కథ దానికి రెండేళ్ల ముందు, ఈ పేపర్‌తో మొదలవుతుంది. ఈ పేజీ అడుగున చూడండి. మూడే మూడు రిఫరెన్సులు, అంటే రాసినవాళ్లు ఆధారంగా చూపిన రచనలు. ఇప్పుడు పీహెచ్‌డీ చేసేవాళ్లు ఇలా మూడింటితో పేపర్ పట్టుకెళ్తే గైడ్ వెనక్కి పంపేస్తారు. పైగా ఆ మూడూ తర్కశాస్త్రం పుస్తకాలు. కార్నప్‌ది ఒకటి, హిల్బర్ట్, ఆకర్‌మన్ కలిసి రాసింది ఒకటి, వైట్‌హెడ్, రసెల్ కలిసి రాసిన ప్రిన్సిపియా మేథమెటికా ఒకటి. కానీ ఈ పేపర్ మెదడు గురించి! ఆ జాబితాలో మెదడు మీద పనిచేసినవాళ్లు ఒక్కరూ లేరు.

రాసినవాళ్లు ఇద్దరు. వారెన్ మెకల్లక్‌కి అప్పటికి 45 ఏళ్లు. డాక్టరు, నాడీ వ్యవస్థ మీద ఏళ్ల తరబడి పనిచేసినవాడు. వాల్టర్ పిట్స్‌కి 20. డిగ్రీ లేదు, కొన్నాళ్లు ఉండటానికి ఇల్లు కూడా లేదు. డెట్రాయిట్‌లో చిన్నప్పుడు లైబ్రరీలో దూరి, ఇందాక చెప్పిన ప్రిన్సిపియానే మూడు రోజుల్లో చదివేసి, అందులో తప్పులున్నాయని రసెల్‌కి ఉత్తరం రాశాడని చెబుతారు. చికాగోలో మెకల్లక్ ఈ కుర్రాణ్ణి తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. ఇంట్లో వాళ్లు పడుకున్నాక ఇద్దరూ కూర్చుని పని చేసేవాళ్లు.

వాళ్లు ఏం చెప్పారో దగ్గరగా చూద్దాం. ఇది అర్థమైతేనే తర్వాత కథలో బాధ ఎక్కడుందో తెలుస్తుంది.

(తెర మీద: బ్యాంకు లాకర్. రెండు తాళంచెవులు.)

బ్యాంకులో లాకరు తెరవాలంటే మన తాళంచెవి ఒక్కటే చాలదు. బ్యాంకు వాళ్ల తాళంచెవి కూడా తిరగాలి. రెండూ తిరిగితేనే తలుపు వస్తుంది. ఇప్పుడు ఒక నాడీకణాన్ని ఊహించుకోండి. దానికి రెండు వైపుల నుంచి సంకేతాలు వస్తాయి. రెండూ వస్తేనే అది మండుతుంది, అంటే తానూ ఒక సంకేతం పంపుతుంది; ఒక్కటే వస్తే ఊరుకుంటుంది. ఇది 'మరియు'.

ఇక ముందు గేటు దగ్గర ఒక స్విచ్, పెరటి తలుపు దగ్గర ఒక స్విచ్ ఉన్న కాలింగ్ బెల్ తీసుకోండి. ఏది నొక్కినా మోగుతుంది. ఇది 'లేదా'.

మూడోది, లోపల గడియ. తలుపు లోపల గడియ వేసి ఉంటే బయట ఎన్ని తాళాలు తీసినా రాదు. మెకల్లక్, పిట్స్ నమూనాలో అడ్డుపడే సంకేతం ఒక్కటి వస్తే చాలు, మిగతావన్నీ వచ్చినా కణం మండదు. ఇది 'కాదు'.

నాడీకణం మండితే పూర్తిగా మండుతుంది, లేకపోతే లేదు. సగం మండటం అంటూ ఉండదు. అవును, కాదు అని రెండే మాటలున్న తర్కానికి ఇది సరిగ్గా సరిపోతుంది. అలాంటప్పుడు 'మరియు', 'లేదా', 'కాదు' పద్ధతిలో కణాలను కలుపుకుంటూ పోతే తర్కంలో రాయగలిగిన వాక్యాన్ని నాడుల వలగా కట్టవచ్చు. ఆలోచనను లెక్కగా రాయవచ్చు అని గట్టిగా చూపించిన మొదటి పత్రాల్లో ఇదొకటి. అసలు నాడీకణం ఇంతకన్నా చాలా క్లిష్టమైనదని ఇప్పుడు మనకు తెలుసు. అయినా నాకు ఈ పేపర్ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

(తెర మీద: 1945. టైపు చేసిన రిపోర్టు కవరు పేజీ.)

రెండేళ్లు గడిచాయి. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని మూర్ స్కూల్‌లో ఎనియాక్ అనే కంప్యూటర్ తయారవుతోంది. దాని వెనక ముఖ్యమైన ఇంజనీర్లు ఇద్దరు, ప్రెస్పర్ ఎకర్ట్, జాన్ మాక్లీ. దాని తర్వాత కట్టబోయే ఎడ్‌వాక్ గురించి వాళ్లు అప్పటికే చర్చిస్తున్నారు. ఆ చర్చల్లోకి గణిత శాస్త్రజ్ఞుడు జాన్ వాన్ నాయ్‌మన్ వచ్చి చేరాడు. మాట్లాడుకున్నదంతా తన పద్ధతిలో చక్కగా కూర్చి రాశాడు. ఎనియాక్ పనిని సైన్యం తరఫున చూస్తున్న హెర్మన్ గోల్డ్‌స్టైన్ దాన్ని టైపు చేయించి 1945 జూన్‌లో నలుగురికీ పంచాడు. ప్రోగ్రాంను కూడా యంత్రం జ్ఞాపకంలోనే దాచాలన్న ఊహ బయటి ప్రపంచానికి అందింది ఈ రిపోర్టుతోనే.

ఇందులో వాన్ నాయ్‌మన్ ప్రస్తావించిన ప్రచురిత పత్రం ఒకే ఒక్కటి. అది మెకల్లక్, పిట్స్‌లదే. యంత్రంలోని భాగాలను ఆయన వాక్యూమ్ ట్యూబుల (అప్పటి కంప్యూటర్లలో స్విచ్‌లుగా పనిచేసిన గాజు గొట్టాల) భాషలో కాక వాళ్ల నాడీకణాల భాషలో వివరించాడు. చికాగోలో రాత్రిళ్లు పుట్టిన ఊహ కంప్యూటర్‌లోకి అడుగుపెట్టింది ఆ ఒక్క సైటేషన్ (ఒక పేపర్ ఇంకో పేపర్‌ని ప్రస్తావించడం) గుమ్మం గుండానే. ఒక రిఫరెన్సు చేయగల మేలు అంటే ఇదీ.

మరి కవరు పేజీ మీద? వాన్ నాయ్‌మన్ పేరొక్కటే ఉంది. ఎకర్ట్, మాక్లీల పేర్లు అక్కడ లేవు.

నిజానికి అది పూర్తికాని చిత్తుప్రతి. ఫలానా భాగం చూడండి అని రాసిన చోట ఆ భాగం నంబరు లేకుండా ఖాళీలు వదిలేసి ఉన్నాయి. తర్వాత నింపుదామనుకున్నవి. పేర్లు కూడా అలా తర్వాత చేరేవేమో అని వాదించేవాళ్లున్నారు. నేను దాన్ని పూర్తిగా కొట్టిపారేయను. కానీ ఆ రిపోర్టు పూర్తి కాలేదు, పేర్లు చేరలేదు. ప్రోగ్రాంను జ్ఞాపకంలోనే దాచుకునే ఆ కంప్యూటర్ నిర్మాణాన్ని ఇవాళ్టికీ ఇంజనీరింగ్ కాలేజీల్లో 'వాన్ నాయ్‌మన్ ఆర్కిటెక్చర్' అనే చదువుతాం. పరీక్షలో అలాగే రాస్తాం.

నష్టం పేరుతో ఆగలేదు. 1973లో అమెరికా కోర్టు ఎకర్ట్, మాక్లీల ఎనియాక్ పేటెంటును రద్దు చేసినప్పుడు, ఈ రిపోర్టు ముందే బయటికి రావడం కూడా కారణాల్లో ఒకటైంది. వాళ్లు పాల్గొన్న చర్చల నుంచి వచ్చి, వాళ్ల పేరు లేకుండా అచ్చయిన కాగితం వాళ్లకే ఎదురు నిలిచింది.

(తెర మీద: వరుసగా సైటేషన్ ఇండెక్స్ సంపుటాలు.)

ఇప్పుడు సైటేషన్లు లెక్కపెట్టేవాళ్ల దగ్గరికి వద్దాం. ఎవరి పేపర్ని ఎవరు ప్రస్తావించారో వెతుక్కోవడానికి యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాడు. చాలా గొప్ప పని. కానీ అచ్చు సంపుటాల్లో, ప్రస్తావన పొందిన పేపరు మొదటి రచయిత పేరు కిందే కనిపించేది. 1943 పేపరు కావాలంటే మెకల్లక్ కింద చూడాలి. కప్ప కన్ను మెదడుకు ఏం చెబుతుందో తేల్చిన 1959 నాటి ప్రసిద్ధ పత్రం కావాలంటే లెట్విన్ కింద. దాని రచయితలు లెట్విన్, మాతురానా, మెకల్లక్, పిట్స్. రెండు చోట్లా పేర్లు ఇంగ్లిష్ అక్షర క్రమంలోనే ఉన్నాయి. పిట్స్ అక్షరం 'పి' కాబట్టి రెండింట్లోనూ ఆఖరే. పిట్స్ పేరు కింద వెతికితే ఈ రెండూ దొరకవు.

పేరున్నవాళ్లకే ఇంకా పేరు వస్తుందని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1968లో ఒక వ్యాసం రాశాడు. మత్తయి సువార్తలోని మాటను బట్టి దాన్ని 'మాథ్యూ ఎఫెక్ట్' అన్నాడు. ఆ వ్యాసానికి ఆధారం ఎక్కువగా హారియట్ జుకర్‌మన్ నోబెల్ గ్రహీతలతో చేసిన ఇంటర్వ్యూలు. వ్యాసం మీద మాత్రం మెర్టన్ పేరొక్కటే ఉంది. తర్వాత 1973లో ఆయనే ఒప్పుకున్నాడు, అది ఇద్దరి పేర్లతో రావాల్సింది అని. ఆ ఒప్పుకోలు నాకు నచ్చింది. కానీ జనం ఇప్పటికీ ఎక్కువగా 'మెర్టన్ 1968' అనే రాస్తారు. ఒకసారి అలవాటైన సైటేషన్‌ను మార్చడం అంత కష్టం.

మనవాళ్ల పేర్లకు ఇంకో చిక్కు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి ప్రసిద్ధ పత్రం కూడా 1945లోనే, కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చింది. దాంట్లోని ఫలితాన్ని ప్రపంచమంతా 'క్రామెర్-రావు' అంటుంది. ఇంటిపేరు కల్యంపూడి మాత్రం 'సి' అనే ఒక్క పొడి అక్షరమైపోయింది. జాబితాల్లో ఆయన మిగతా రావుల మధ్య కలిసిపోతాడు. మనం ముందు రాసుకునే ఇంటిపేరును, వాళ్లు చివర వెతుకుతారు.

(తెర మీద: ఖాళీ బల్ల, దాని మీద సంతకం లేని కాగితం.)

పిట్స్ సంగతి చెప్పి ముగిస్తాను. ఆయన అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంలో గణిత శాస్త్రజ్ఞుడు నార్బర్ట్ వీనర్ దగ్గర చేరాడు. 1952లో వీనర్ ఉన్నట్టుండి తెగతెంపులు చేసుకున్నాడు. పిట్స్ దాంతో కుంగిపోయాడు. ఏళ్ల తరబడి రాసుకున్న థీసిస్‌ను తగలబెట్టేశాడు. ఎంఐటీ వాళ్లు డిగ్రీ ఇస్తామన్నా, పదవి ఇస్తామన్నా తీసుకోలేదు. వాటికి కాగితం మీద సంతకం పెట్టాలి. ఆయన పెట్టనన్నాడు.

1969 మే 14న, 46 ఏళ్లకే పోయాడు. అదే ఏడాది సెప్టెంబరులో మెకల్లక్ కూడా.

(తెర మీద: 1943 పేపర్ మొదటి పేజీ. శీర్షిక కింద రెండు పేర్లు. కెమెరా రెండో పేరు మీద ఆగుతుంది.)