లేత్ బాగుంది, ఆ లివర్‌తోనే నా తగాదా

నమస్కారం. ఈ లేత్‌ను, అంటే కర్రను గిరగిరా తిప్పుతూ ఉలితో చెక్కే మిషన్‌ను, కంపెనీవారు ఉచితంగా పంపారు. డబ్బులు తీసుకోలేదు, వీడియోను ముందుగా వాళ్లకు చూపించనూ లేదు. మోటారు శక్తి, బెడ్డు (మిషన్ కింది పట్టాల) పొడవు ఈపాటికి మీరు వేరేచోట చూసే ఉంటారు, మళ్లీ చదవను.

ఇంతకాలం నా పని తలుపులు, బల్లలు. లేత్ ఎక్కానంటే మంచం కోళ్ల కోసమే. ఇప్పుడు గిన్నెల మీద మనసు పడింది. బెంగళూరులో గట్టి వాన కురిస్తే ఎక్కడో ఒక నిద్రగన్నేరు కూలుతుంది. ఆ పచ్చి దుంగను చూసి ఊరుకోవడం నా వల్ల కాదు.

వేగం సంగతి ముందు చెప్తాను. నా పాత లేత్‌లో మూత తీసి బెల్టును ఒక పుల్లీ నుంచి మరో పుల్లీకి మార్చాలి. ఇందులో నాబ్ తిప్పితే చాలు. దిమ్మ వ్యాసం అంగుళాల్లో తీసుకుని, నిమిషానికి తిరిగే చుట్లతో హెచ్చవేస్తే 6,000 నుంచి 9,000 మధ్య రావాలని టర్నర్ల లెక్క. 12 అంగుళాల దిమ్మకు 500 నుంచి 750 చుట్లన్నమాట. వంకరగా ఉన్న పచ్చి దిమ్మనైతే ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టాలి. ఇది అంత కిందికీ దిగుతుంది, బల్ల కూడా ఊగదు. శభాష్.

ఇక లివర్. టూల్ రెస్ట్‌ను, అంటే ఉలిని ఆనించుకునే ఆసరాను, బిగించేది. గిన్నె లోతయ్యేకొద్దీ మిషన్ ఆపి, రెస్ట్‌ను కర్ర దగ్గరికి జరుపుతూనే ఉండాలి. ఎడం పెరిగితే గౌజ్ అనే గాడి ఉలి మొన వణికి, కర్రలో దిగబడి, చేతిని విదిలించేస్తుంది. అంటే స్విచ్చుకంటే ఎక్కువసార్లు పట్టుకునేది ఈ లివర్‌నే! అదేమో సరిగ్గా గిన్నె అంచు దగ్గర బెడ్డుకు తగిలి ఆగుతుంది, బిగిసీ బిగియకుండా. వదులు చేయాలి, పక్కకు జరపాలి, మళ్లీ బిగించాలి. గరుకు కాగితం పట్టేముందు రెస్ట్ తీసేయాలి కదా, అప్పుడూ ఇదే గోల. ఎవరైనా దీనిమీద ఒక్క గిన్నె తీసి చూసి ఉంటే ఈ లివర్ ఇలా ఉండేదా?

కర్రబొమ్మలకు పేరున్న చన్నపట్నలోనూ, మన ఏటికొప్పాకలోనూ తిరిగే కర్రకు లక్క ఆనిస్తారు, రాపిడి వేడికే అది కరిగి అంటుకుంటుంది. అంకుడు కర్రతో నేనూ ఒక బొంగరం అలా చేశాను. భలే వచ్చింది. చిన్న వస్తువు కాబట్టి లివర్‌తో పని పడలేదు, అంతే.

కోళ్లు, బొమ్మలు తీసేవారు నిశ్చింతగా కొనుక్కోండి. గిన్నెల కోసమైతే వద్దు. పొట్టి లివర్ పెడితే పోయే దోషమని కంపెనీవారికి రాస్తే, అలవాటైపోతుందన్నారు. వాళ్లిచ్చిన తగ్గింపు కోడ్ నా దగ్గరే ఉంది. లివర్ మార్చేదాకా ఈ వీడియో కింద పెట్టను.