గుత్తుల్ని తూచారు సరే, కొట్టేసిన కొమ్మల్ని తూచారా?

నమస్తే. ఈ టక్ టక్ చప్పుడు కత్తెరది. ధర్మసాగర్ దగ్గర మా మేనమామ ద్రాక్ష పందిరి కింద ఉన్నాను, ఏప్రిల్ కటింగ్ నడుస్తోంది. పత్తి, మిర్చి పండే చోట ద్రాక్షేందని ఊరంతా నవ్వింది. అది ఇంకో వీడియోలో.

మొక్కలు అమ్మినాయన "ఈ క్లోన్ పెట్టు, కాపు రెండింతలు" అన్నాడట. మామ సగమే నమ్మాడు. అందుకే పక్కపక్కన రెండు వరసలు వేశాడు. ఒకటి మామూలు థామ్సన్ సీడ్‌లెస్, అంటే గింజల్లేని ద్రాక్ష రకం, ఒకటి ఆయన చెప్పిన క్లోన్, సోనక.

క్లోన్ అంటే ల్యాబ్ ముచ్చట కాదు. తోటల్లో ద్రాక్షను కొమ్మతోనే పెంచుతారు, కాబట్టి పిల్ల తీగ అచ్చం తల్లి తీగే. ఎప్పుడో ఒక మొగ్గ తేడా కొడుతుంది. ఆ మొగ్గనుంచి వచ్చిన కొమ్మ నాటితే కొత్త క్లోన్. సోలాపూర్ జిల్లా నన్నజ్‌లో థామ్సన్ నుంచి సోనక అలాగే పుట్టింది. సాంగ్లీ జిల్లా తాస్‌గావ్‌లో తాస్-ఎ-గణేశ్ కూడా అంతే.

సోనక పండు పొడుగు. కానీ జీఏ (జిబ్బరెల్లిక్ యాసిడ్ అనే హార్మోన్) మందులో ముంచితే థామ్సన్ పండూ సాగుతుంది! అందుకే రెండు వరసలకూ మోతాదు ఒకటే. కింద వేరు కూడా ఒకటే, రెండూ డాగ్‌రిడ్జ్ అనే వేరు రకం మీద కట్టిన అంట్లు.

ఇదిగో, ఈ తీగ కొమ్మల్ని మోపు కట్టి పత్తి కాటాకు వేలాడదీశాం. థామ్సన్ మోపు 2 కిలోలు. కోతలో దీని పండు 14 కిలోలు. అంటే కిలో కొమ్మకు 7 కిలోల పండు. ఈ సోనక తీగ పండు 18 కిలోలు, మోపు మాత్రం 1.2 కిలోలే. అంటే 15! వైన్ తోటల వాళ్లు ఈ లెక్క 5 నుంచి 10 మధ్య ఉంటే మంచిదంటారు, దాటితే తీగకు బరువెక్కువైనట్టే. ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి, ఇలా రెండు కటింగ్‌ల మన పద్ధతికి అది అచ్చంగా అతకదు గానీ, వరసకూ వరసకూ పోల్చడానికి పనికొస్తుంది.

తీపి సంగతీ చూశాం. గుత్తి పైన, నడుమ, కొస నుంచి పండ్లు తీసి పిండాం, ఎందుకంటే కొస పండు వెనకబడుతుంది. బ్రిక్స్ మీటర్‌లో థామ్సన్ 20, సోనక 16. మోయలేని బరువు మోసింది పాపం.

తప్పు క్లోన్‌దేనా? అడిగితే మామ తల గోక్కున్నాడు. సోనక వరసలో అదనపు గుత్తులు తీసేయడానికి మనసొప్పలేదట!

అక్టోబర్ కటింగ్ తర్వాత రెండింటికీ లెక్కపెట్టి గుత్తులు ఉంచుతాం. ఎర్రదారం కట్టిన ఈ తీగల్నే మళ్లీ తూస్తాం.