గంట మోగేలోగా

శ్రోతలకు నమస్కారం.

2013 మే 30. అమెరికా రాజధాని వాషింగ్టన్ పక్కనే నేషనల్ హార్బర్ అనే చోట, ఒక పెద్ద హోటల్లో స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీ, అంటే విన్న మాటకు ఇంగ్లీషు స్పెల్లింగ్ నోటితో చెప్పే పిల్లల పోటీ, ఆఖరి ఘట్టం జరుగుతోంది. న్యూయార్క్ నుంచి వచ్చిన పదమూడేళ్ల అరవింద్ మహంకాళి మైకు ముందు నిలబడ్డాడు. అతనికి వచ్చిన మాట జర్మన్‌దని తెలియగానే హాల్లో జనమంతా ఉసూరుమన్నారు.

వాళ్ల బాధకు కారణముంది. 2011లో ఈ కుర్రవాడు మూడో స్థానం దాకా వచ్చి 'యూగెండ్‌స్టిల్' దగ్గర ఆగిపోయాడు. అది ఒక జర్మన్ కళాశైలి పేరు. మరుసటి ఏడాది మళ్లీ మూడో స్థానమే. ఈసారి దెబ్బ కొట్టింది 'ష్వానోమా'. నరాలకు వచ్చే ఒక రకం కణితికి జర్మన్ శాస్త్రవేత్త ష్వాన్ పేరు మీద పెట్టిన పేరు. ఎనిమిదో తరగతి దాటితే ఈ పోటీకి రానివ్వరు. అరవింద్ అప్పుడు ఎనిమిదిలోనే ఉన్నాడు. అంటే 2013 తప్పితే ఇక లేదు.

ఈ పోటీ చూడని వారికి గంట సంగతి చెప్పాలి. న్యాయనిర్ణేతల బల్ల మీద ఒక చిన్న గంట ఉంటుంది. తప్పు చెబితే 'టింగ్' మంటుంది. ఏళ్ల తరబడి పడ్డ పాట్లన్నీ ఆ చిన్న చప్పుడుతో సరి. ఆఖరి రౌండ్లలో ఓడిన పిల్లల కోసం పక్కనే ఒక సోఫా వేసి ఉంచుతారు. అమ్మానాన్నలు వచ్చి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేస్తారు. కెమెరా అక్కడికీ వస్తుంది. ఏడుస్తున్న పిల్లవాణ్ణి దేశమంతా చూడవలసిన అవసరం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ రాత్రి అరవింద్‌కు గంట మోగలేదు. జర్మన్ మాట దాటాడు. చివరికి విజేతను చేసిన మాట 'క్నేడెల్'. యూదులు పులుసులో వేసుకునే పిండి ఉండ. యిడ్డిష్ మాట, దాని మూలం మళ్లీ జర్మనే! పైనుంచి రంగు కాగితాలు రాలుతుంటే కుర్రవాడు తలెత్తి చూసి, తన అలవాటు ప్రకారం వేళ్ల మెటికలు విరుచుకున్నాడు. గెంతడాలు, కేకలు ఏమీ లేవు. జర్మన్ శాపం వరమైందని విలేఖరులతో అన్నాడు. వేసవి సెలవుల్లో ఏం చేస్తావంటే, ఫిజిక్స్ చదువుకుంటానన్నాడు. కొసమెరుపు ఏమిటంటే, ఆ తర్వాత యిడ్డిష్ పండితులు అసలు ఆ స్పెల్లింగే తప్పని పేచీ పెట్టారు. ఈ పోటీకి మాత్రం మెరియం వెబ్‌స్టర్ పెద్ద నిఘంటువు ఎలా రాస్తే అదే ఒప్పు.

జర్మన్‌తో రెండుసార్లు దెబ్బ తిన్న అరవింద్ ఏం చేశాడు? మూడో ఏడు జర్మన్ మాటలనే ముందేసుకుని కూర్చున్నాడు. ఆ భాషలో ఏ ధ్వనికి ఏ అక్షరం పడుతుందో పట్టుకున్నాడు. మన దగ్గర చాలామంది స్పెల్లింగ్ బీ అంటే బట్టీ పోటీ అనుకుంటారు. ఆ నిఘంటువులో నాలుగు లక్షలకు పైగా మాటలున్నాయి. బట్టీ ఎంత దూరం లాక్కొస్తుంది? ఎప్పుడూ వినని మాట వచ్చినప్పుడే ఆ పిల్లల సంగతి బయటపడుతుంది.

అలాంటప్పుడు పిల్లవాడికి ఉన్న ఆయుధం ప్రశ్న. ఈ మాటకు అర్థమేమిటి? ఏ భాష నుంచి వచ్చింది? వాక్యంలో పెట్టి చెబుతారా? ఇంకోలా పలకడం ఉందా? ఫలానా గ్రీకు ధాతువు ఇందులో ఉందా? ఇవన్నీ అడగవచ్చు. పలికి వినిపించే జాక్ బెయిలీ 1980లో ఇదే పోటీ గెలిచినవారు. 2003 నుంచి ఆ కుర్చీలో ఉన్నారు, విశ్వవిద్యాలయంలో ప్రాచీన భాషలు బోధిస్తారు. ఎంత చిన్న పిల్లవాడు అడిగినా ఓపిగ్గా చెబుతారు. 'క' అని వినిపించిన చోట గ్రీకు అయితే ఒక అక్షరం, ఫ్రెంచి అయితే ఇంకొకటి పడవచ్చు. జవాబులు కూడబెట్టుకుని పిల్లవాడు ఒక నిర్ణయానికి వస్తాడు. అప్పటికి గడియారం నడుస్తూనే ఉంటుంది.

అరవింద్ కుటుంబం హైదరాబాద్ నుంచి వెళ్లినదే. తన తండ్రి తెలుగు పద్యాలను మొదటి నుంచి చివరికి, చివరి నుంచి మొదటికి కూడా చదివేవారని అరవింద్ నాన్న చెప్పారు. అది విన్నప్పుడు నాకు మన అవధానం గుర్తొచ్చింది. అవధానంలోనూ గంట ఉంది, అది ఎన్నిసార్లు మోగిందో అవధాని లెక్క చెప్పాలి. నిషిద్ధాక్షరిలో ఒక్కొక్క అక్షరానికీ అడ్డు తగులుతూనే ఉంటారు. కానీ అక్కడ అడిగేవాళ్లు పృచ్ఛకులు, చెప్పేవాడు అవధాని. ఇక్కడ నిలబడి పరీక్ష ఇస్తున్న పిల్లవాడే పృచ్ఛకుడు.

మన తరగతి గదిలో డిక్టేషన్ ఎలా సాగుతుందో అందరికీ తెలుసు. మాస్టారు మాట చెబుతారు, పిల్లలు రాస్తారు, తప్పితే పదిసార్లు ఇంపోజిషన్. మధ్యలో ఒకడు లేచి, "మాస్టారూ, ఈ మాట ఏ భాష నుంచి వచ్చిందండీ?" అని అడిగితే? "ముందు రాయరా" అంటాం. ఇంగ్లీషు పాఠాలు చెప్పిన వాణ్ణే కాబట్టి ఈ మాట ధైర్యంగా అనగలను.

2021లో లూసియానా అమ్మాయి జైలా అవాంట్‌గార్డ్ విజేత అయిన మాట 'మురయా'. ఒక చెట్ల ప్రజాతి పేరు. ఆ అమ్మాయి ఏం అడిగిందో తెలుసా? ఇందులో మరే అనే హాస్యనటుడి పేరుందా అని! హాలంతా నవ్వింది. ప్రశ్న మాత్రం దారిలోనే ఉంది, ఎందుకంటే ఆ ప్రజాతికి మరే అనే స్వీడన్ పండితుడి పేరే పెట్టారు. మన కరివేపాకును చాలాకాలం ఆ ప్రజాతిలోనే చేర్చి 'మురయా కోనిగి' అన్నారు. ఆ కోనిగ్ అనే వృక్షశాస్త్రవేత్త 1785లో మన కాకినాడలోనే కన్నుమూశాడు. ఒక ఆఫ్రికన్ అమెరికన్ బాలిక తొలిసారి ఈ పోటీ గెలిచిన మాటకు మా తాలింపు గిన్నెతో చుట్టరికం ఉండడం నాకు భలే సరదాగా అనిపించింది.

1925లో తొమ్మిది మంది పిల్లలతో మొదలైన పోటీ ఇది. 1985లో బాలు నటరాజన్ గెలిచాక భారతీయ కుటుంబాలు దీన్ని వదలలేదు. చిట్టూరి రత్నంగారు 1989లో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ ఊరూరా పోటీలు పెట్టి, ఆ సొమ్ముతో ఇక్కడి పేద విద్యార్థులకు ఉపకార వేతనాలు ఇస్తోంది. సాయి గుంటూరి, స్నిగ్ధ నందిపాటి, కార్తీక్ నెమ్మాని... పేర్లు వింటే మన హాజరు పట్టీ చదివినట్టే ఉంటుంది. 2018లో కార్తీక్‌ది విచిత్రం. తమ కౌంటీ (మన జిల్లా లాంటిది) పోటీలో నేసా మోదీ అనే అమ్మాయి చేతిలో ఓడాడు. మరో ప్రవేశ మార్గంలో జాతీయ పోటీకి వచ్చాడు. చివరికి వేదిక మీద మిగిలిన ఇద్దరూ వాళ్లే, గెలిచింది అతను.

2021లో కొత్త పద్ధతి ఒకటి వచ్చింది. ఇద్దరూ ఎంతకీ ఓడకపోతే 'స్పెల్ ఆఫ్' పెడతారు. 90 సెకన్లలో ఎవరు ఎక్కువ మాటలు సరిగ్గా చెబితే వారే విజేత. 2024లో ఫ్లోరిడా కుర్రవాడు బృహత్ సోమ 30 మాటల్లో 29 ఒప్పు చెప్పాడు. వాళ్లది నల్గొండ నుంచి వెళ్లిన కుటుంబం. పన్నెండేళ్ల పిల్లవాడి నాలుక అంత వేగంగా ఎలా తిరిగిందో ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే. అయినా ఆ పద్ధతి నాకు గిట్టదు. టీవీ వాళ్లకు బాగుంటుంది, నిజమే. కానీ ఆ 90 సెకన్లలో ప్రశ్నకు చోటు ఎక్కడిది? ఆలోచించే ముఖాన్ని చూడడానికి కదా మనం కూర్చున్నది.

ఆ రోజు బృహత్ చేతిలో ఓడిన టెక్సస్ కుర్రవాడు ఫైజాన్ జాకీ. ఇతని తల్లిదండ్రులది హైదరాబాద్. 2025లో మళ్లీ ఆఖరి రౌండుకు వచ్చాడు. మిగిలిన ఇద్దరూ అదే రౌండులో తప్పారు. ఇక ఒక్క మాట చెబితే ట్రోఫీ అతనిదే. మాట 'కమెలైనా'. వానాకాలంలో మన చేలగట్ల మీద నీలిపూలు పూసే కలుపు మొక్కలున్నాయే, వాటి ప్రజాతి పేరు. అర్థం అడగలేదు, భాష అడగలేదు. హుషారుగా "కె, ఏ, ఎం" అని మొదలుపెట్టి టక్కున ఆగిపోయాడు. అది 'సి'తో మొదలవుతుంది. కొమెలీన్ అనే డచ్చి వృక్షశాస్త్రవేత్తల పేరు మీద వచ్చిన లాటిన్ మాట. ఒక్క ప్రశ్నతో దారి దొరికేది. ఇక గంట కొట్టెయ్యండి అని న్యాయనిర్ణేతకు తనే చెప్పాడు.

అతనూ తప్పడంతో ఆ ఇద్దరూ తిరిగి పోటీలోకి వచ్చారు, మళ్లీ వెనకబడ్డారు. కొద్దిసేపటికే ఫైజాన్‌కు ఇంకో అవకాశం వచ్చింది. ఈసారి ఫ్రెంచి మాట, 'ఎక్లెర్సీస్మాఁ'. బుద్ధొచ్చి ఉంటుంది, ఇప్పుడైనా అడుగుతాడు అనుకున్నాను. అడగలేదు. ఒక్క ప్రశ్న కూడా అడగకుండా చివరి అక్షరం దాకా గడగడా చెప్పేసి, పిడికిళ్లు ఊపుతూ వేదిక మీద పడిపోయాడు. గెలిచాడు.