ఎవరి బండి వాళ్లదే, మరి ఇంటికి చేర్చే గోల్ ఎవరిది?

హాయ్ అండి, ఈ రోజు సిస్టమ్ ఆఫ్ సిస్టమ్స్ గురించి, అంటే దేనికది నడిచే సిస్టమ్స్ కొన్ని కలిసి ఒక పెద్ద పని చేయడం గురించి మాట్లాడుకుందాం. అందులో గోల్స్, కేపబిలిటీస్ ఎట్లా గీస్తారో చూద్దాం. పేరు చూసి భయపడకండి, బేగంపేట దాకా నాతో వస్తే చాలు.

(స్క్రీన్ మీద: లింగంపల్లి నుంచి ఉప్పల్ దాకా ఒక గీత)

హైదరాబాద్‌లో ఒకావిడ రాత్రి లింగంపల్లిలో డ్యూటీ దిగి ఉప్పల్ వెళ్లాలి అనుకుందాం. ఎంఎంటీఎస్ లోకల్ ట్రైన్ ఎక్కి బేగంపేటలో దిగుతది, నడిచెళ్లి మెట్రో బ్లూ లైన్ పట్టుకుంటది, ఉప్పల్‌లో దిగినాక కాలనీ లోపలికి ఆర్టీసీ బస్సో ఆటోనో. ఎంఎంటీఎస్ 2003లో మొదలైంది, నడిపేది దక్షిణ మధ్య రైల్వే. మెట్రో 2017 నవంబర్‌లో వచ్చింది, దాని లెక్క వేరు. ఆర్టీసీ రాష్ట్రానిది, ఆటో అన్నకైతే పైన ఎవరూ లేరు. ఒకటి ఆగినా మిగతావి నడుస్తయి, ఒకటి టైమింగ్ మార్చాలంటే ఇంకోదాన్ని అడగక్కర్లే. సిస్టమ్స్ ఇంజనీర్ మార్క్ మేయర్ 1998లో రాసిన పేపర్‌లో సిస్టమ్ ఆఫ్ సిస్టమ్స్‌కి అసలు గుర్తు ఇదే అన్నారు: దేనికది పనిచేయగలగాలి, దేని మేనేజ్‌మెంట్ దానికే ఉండాలి.

ఇప్పుడు పేజీ పైన "ఆవిడ పదిన్నరలోపు ఇంటికి చేరాలి" అని రాయండి. అది గోల్. దాని కింద "ఎట్లా?" అని అడుక్కుంటూ ముక్కలు చేయండి. కావోస్ అనే గోల్ మోడలింగ్ పద్ధతిలో, ఒక్కరు మోయగలిగేంత చిన్నది అయ్యేదాకా గోల్‌ని విడగొట్టి అప్పుడు ఆ ఒక్కరికి అప్పజెప్తారు. దాన్నే సిస్టమ్ ఆఫ్ సిస్టమ్స్‌కి సరిపోయేలా పెంచి ఎంకావోస్ అని తెచ్చారు, అందులో గోల్‌ని మిషన్ అంటారు.

పేజీ కింద నుంచి కేపబిలిటీస్ రాయండి, అంటే ఎవరు అడిగినా అడగకపోయినా ఆ సిస్టమ్ చేయగలిగేది. మనుషుల్ని బేగంపేటకి తేవడం, ఉప్పల్‌కి తీసుకెళ్లడం. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, ఉన్న కేపబిలిటీనే చూసి దానికి గోల్ అని పేరు పెట్టేస్తారు, అట్లయితే అన్నీ కలిసిపోయి పేజీ చాలా అందంగా కనిపిస్తది కానీ ఏమీ చెప్పదు.

(స్క్రీన్ మీద: పై నుంచి కిందికి బాణాలు, రెండు గళ్ల దగ్గర ఆగిపోతాయి)

ఆగిపోయిన గళ్లు చూడండి. "ట్రైన్ లేటని మెట్రోకి తెలియాలి." "రెండు స్టేషన్ల మధ్య నడక వెలుతురులో ఉండాలి." మన పేజీలో ఈ రెండిటి కిందా ఓనర్ లేరు. ప్లాట్‌ఫామ్ దిగి, బ్యాగ్ గట్టిగా పట్టుకుని గబగబా నడిచే ఆ కాసేపు ఏ బాక్స్‌లోనూ లేదు, నాకు మనసుకి పట్టేది అదే, మోడల్ గీసేదే దానికోసం. గడి ఖాళీగా ఉంది కదా అని రైల్వే పేరు రాసేయొద్దు, వాళ్లు ఒప్పుకోకుండా మనం రాస్తే అది మన కోరిక అయితది, వాళ్ల కేపబిలిటీ కాదు.

ఇంకోటి. లేటైన ట్రైన్ కోసం ఆఖరి మెట్రో అయిదు నిమిషాలు ఆగితే ఆవిడకి మంచిదే, కానీ తర్వాతి స్టేషన్‌లో నిల్చున్నవాళ్లకి అదే అయిదు నిమిషాలు లేట్. రెండు గోల్స్ కొట్టుకుంటున్నయి. ఒకదాన్ని చెరిపేయకుండా రెండూ ఉంచి మధ్యలో గీత గీయండి, ఎన్ని నిమిషాల దాకా ఆగొచ్చో ఆ గీత మీద రాయండి, ఆ నంబర్ మాత్రం మెట్రో వాళ్లే చెప్పాలి.