చర్చా కార్యక్రమం: దొడ్డిదారి తాళంచెవి ఎవరి చేతిలో?

సమన్వయకర్త: నమస్కారం. బ్రిటన్‌లోని వినియోగదారులకు ఐక్లౌడ్ (ఫోను సమాచారం దాచే ఆన్‌లైన్ నిల్వ) అదనపు రక్షణ సదుపాయాన్ని ఇక ఇవ్వబోమని యాపిల్ 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. 2016 నాటి దర్యాప్తు అధికారాల చట్టం కింద తాళం వేసిన ఆ సమాచారంలోకి తమకు దొడ్డిదారి పెట్టమని అక్కడి ప్రభుత్వం యాపిల్‌కు రహస్య ఆదేశం ఇచ్చిందన్న వార్తలు అంతకు రెండు వారాల ముందే వచ్చాయి. అక్కడ రాజుకున్న వాదనే నేటి మన చర్చ. అందరికీ సమాన సమయం ఇస్తాను. (ఈ హామీని గుర్తుంచుకోండి.) మొదటి ప్రశ్న: యాప్‌లకు మనమే అన్నీ ధారపోస్తున్నాం. ప్రభుత్వం అడిగితే మాత్రం ఉలికిపాటు ఎందుకు?

సైబర్ నిపుణురాలు: రెండూ ఒకటి కావు. కంపెనీ ప్రకటనలు అమ్ముకుంటుంది. ప్రభుత్వం జైల్లో పెట్టగలదు. పైగా ఆదేశం అందుకున్న సంస్థ ఆ సంగతి బయట చెప్పడానికి...

మాజీ పోలీసు అధికారి: ఒక్క నిమిషం మేడమ్. 2015 డిసెంబరులో అమెరికాలోని శాన్ బెర్నార్డినోలో 14 మందిని కాల్చి చంపారు. హంతకుడి ఫోను పోలీసుల చేతిలోనే ఉంది. తెరవలేకపోయారు! తాళం తీయడానికి యాపిల్ సాయం చేయనంది.

న్యాయవాది: 2016 మార్చిలో ఎఫ్‌బీఐ మరొకరి సాయంతో దాన్ని తెరిచింది కదా సార్?

మాజీ అధికారి: దాదాపు నాలుగు నెలలకు! ఆలోగా ఇంకో దాడి జరిగి ఉంటే? గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకునేది ఎవరండీ? తప్పు చేయనివాడికి దాచవలసింది ఏముంది?

నిపుణురాలు: మీ ఫోను ఇప్పుడు ఈ బల్ల మీద పెడతారా?

(నవ్వులు. అధికారి ఫోను తీయలేదు.)

సమన్వయకర్త: అదే నేను అంటున్నది, యాప్‌లకైతే మనమే...

న్యాయవాది: అసలు ప్రశ్న అది కాదండీ. ఆదేశమే రహస్యమైతే, దాని వల్ల నష్టపోయినవాడు కోర్టుకు ఏమని వెళ్లాలి?

మాజీ అధికారి: మంత్రి సంతకం ఒక్కటే చాలదు, న్యాయ కమిషనర్ ఆమోదం కూడా ఉండాలని ఆ చట్టమే చెబుతోంది. చదివారా?

న్యాయవాది: చదివాను. ఆ ఆమోదం కూడా తలుపులు మూసుకునే...

మాజీ అధికారి: దర్యాప్తు దండోరా వేసి చేస్తారా?

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. అర నిమిషం వినబడలేదు.)

నిపుణురాలు: ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అంటే పంపినవారి ఫోనులో తాళం పడి, అందుకున్నవారి ఫోనులోనే తెరుచుకోవడం. మధ్యలో ఉన్న కంపెనీ దగ్గర కూడా తాళంచెవి ఉండదు. పోలీసుల కోసం దొడ్డిదారి పెడితే అది పోలీసులను మాత్రమే గుర్తుపట్టి తెరుచుకోదు. 2004లో గ్రీసులో ఏం జరిగింది? చట్టబద్ధమైన ట్యాపింగు కోసం టెలిఫోను యంత్రాల్లో ఉన్న ఏర్పాటునే ఎవరో వాడుకుని, ప్రధానమంత్రితో సహా దాదాపు వంద మంది ఫోన్లు నెలల తరబడి విన్నారు.

సమన్వయకర్త: ప్రధానమంత్రి ఫోనే! ఎవరు విన్నారు? గూఢచారులా?

నిపుణురాలు: ఎవరన్నది కాదండీ, ఎలా అన్నది...

సమన్వయకర్త: లేదు లేదు, ప్రేక్షకులకు ఆసక్తికరమైన విషయం ఇది. ప్రధాని ఏ ఫోను వాడేవారు?

(ఈ పిడకల వేట రెండు నిమిషాలు సాగింది.)

మాజీ అధికారి: ఎప్పుడో 20 ఏళ్ల కిందటి మాట!

నిపుణురాలు: 2024 మాట చెప్పనా? అమెరికాలో కోర్టు అనుమతితో జరిగే ట్యాపింగు వ్యవస్థల్లోకి విదేశీ హ్యాకర్లు చొరబడ్డారు. ఆ డిసెంబరులో అక్కడి ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థే ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లు వాడమని ఉన్నతాధికారులకు సలహా ఇచ్చింది.

మాజీ అధికారి: నేరగాళ్లూ వాటినే వాడుతున్నారు! నేరగాళ్లు వాడిన ఎన్‌క్రోచాట్ అనే రహస్య సందేశాల ఫోన్ల వ్యవస్థను 2020లో ఫ్రెంచి, డచ్చి పోలీసులు ఛేదించారు. ఆరు వేల పైచిలుకు అరెస్టులు! తాళం పగిలితేనే ఇవన్నీ సాధ్యం. పిల్లల భద్రత, మాదకద్రవ్యాలు, ఉగ్రవాదం...

(నాలుగు నిమిషాలు. మధ్యలో న్యాయవాది రెండుసార్లు చేయి ఎత్తారు.)

న్యాయవాది: ఆ తాళాన్ని ఏ దొడ్డిదారి చట్టమూ లేకుండానే పగలగొట్టారు సార్! మీ ఉదాహరణ నా వాదనకే...

సమన్వయకర్త: సార్ చాలా బలమైన అంశం చెప్పారు. మేడమ్, 20 సెకన్లలో చెప్పండి, సామాన్యులు ఏం చేయాలి? యాప్‌లకు అన్నీ ఇచ్చేది మనమే కాబట్టి అడుగుతున్నాను.

నిపుణురాలు: ముందు బ్యాకప్ చూసుకోవాలి. మెసేజీకి తాళం ఉండి బ్యాకప్‌కు లేకపోతే, తాళం వేసితిని గొళ్లెం మరిచితిని అన్నట్టే. రెండోది, మాటలు దాచినా ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్న వివరం...

మాజీ అధికారి: అదైనా మాకు ఉండనివ్వండి మేడమ్!

సమన్వయకర్త: సమయం అయిపోయింది. సార్, చివరి మాట మీదే.

న్యాయవాది: ఆదేశమే రహస్యమైతే కోర్టుకు ఏమని వెళ్లాలి? నా ప్రశ్నకు ఎవరైనా...

మాజీ అధికారి: క్లుప్తంగా మూడు విషయాలు చెబుతాను. మొదటిది...

(ప్రసారం ఇక్కడ ఆగింది.)